ఉంచడానికే కారణం కావాలి

వీడియో కూర్పు ఫిల్మ్ రీళ్లను, టేపులను విడిచి కంప్యూటర్ తెర మీదికి చేరి మూడు దశాబ్దాలు దాటింది. ఈ కాలంలో ఆ వృత్తిలో పనిముట్లు మారాయి, వేగం మారింది, ఖర్చు మారింది. ఒక అభిప్రాయం మాత్రం ఎవరూ పరీక్షించకుండానే సూత్రంగా స్థిరపడిపోయింది. ఒకసారి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు చేర్చిన ఎఫెక్ట్ ప్లగిన్‌ను, దానితో పని ఉన్నా లేకపోయినా, తీసివేయనక్కరలేదని, ఉంటే వచ్చే నష్టమేమీ లేదని, ఎప్పటికైనా అక్కరకు రావచ్చునని చాలామంది ఎడిటర్లు నమ్ముతారు. కొత్తవారికి అదే నేర్పుతారు. ఈ అభిప్రాయం సాంకేతికంగా తప్పు, వృత్తిరీత్యా హానికరం, కళాదృష్టితో చూసినా నిలిచేది కాదు. ప్లగిన్‌ను తీసివేయాలంటే కారణం చూపమని అడగడమే తలకిందుల వాదన. కారణం చూపవలసిన బాధ్యత ఉంచదలచిన వారిది. ఆ కారణం చెల్లిపోయిన నాడు ప్లగిన్ కూడా వెళ్లిపోవాలి.

వాదంలోకి దిగేముందు మాటల అర్థాలు తేల్చుకోవాలి. ప్లగిన్ అంటే సొంతంగా నడవలేని, మరొక సాఫ్ట్‌వేర్ లోపలికి చేరి దానికి కొత్త శక్తిని చేకూర్చే ప్రోగ్రాము. దానికి ఆశ్రయమిచ్చే పెద్ద సాఫ్ట్‌వేర్‌ను హోస్ట్ అంటారు. ప్రీమియర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్, డావిన్చి రిజాల్వ్, ఫైనల్ కట్ ప్రో, వేగాస్, ఎడియస్ వంటివన్నీ హోస్ట్‌లే. ప్రీమియర్ 1991లోనూ, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 1993లోనూ వెలువడ్డాక, ఇటువంటి హోస్ట్‌లకు ప్లగిన్లు తయారుచేయడం ఒక ప్రత్యేక పరిశ్రమగా పెరిగింది. ఒక్కో హోస్ట్‌కు ఒక్కో విధంగా ప్లగిన్ రాయవలసిన ఇబ్బందిని తగ్గించడానికి ఫౌండ్రీ సంస్థ చొరవతో ఓపెన్‌ఎఫ్‌ఎక్స్ అనే ఉమ్మడి ప్రమాణం ఏర్పడింది. రిజాల్వ్, వేగాస్, న్యూక్ వంటివి నేడు దానిని పాటిస్తున్నాయి. ఇక తీసివేత అన్నప్పుడు మూడు వేర్వేరు పనులు స్ఫురిస్తాయి. ఒక క్లిప్ మీద వేసిన ఎఫెక్ట్‌ను ఆ క్లిప్ వరకే తొలగించడం మొదటిది. ప్లగిన్ డిస్క్ మీద ఉన్నా హోస్ట్ దానిని ఎక్కించుకోకుండా ఆపడం రెండవది. ప్లగిన్‌నూ దాని అనుబంధాలనూ కంప్యూటర్ నుంచే తొలగించడం మూడవది. మొదటి దాని గురించి ఎవరికీ తగవు లేదు. ఇక్కడి వాదం తక్కిన రెండింటికీ సంబంధించినది.

ఎదుటి పక్షానికి న్యాయం జరగాలంటే దాని వాదాన్ని బలమైన రూపంలోనే చెప్పాలి. ఆ పక్షం ప్రకారం వాడని ప్లగిన్ అటక మీది సామాను వంటిది. కొంత చోటు ఆక్రమిస్తుందే తప్ప ఇంట్లో వారి నడకకు అడ్డురాదు, డిస్క్ చౌకైన ఈ కాలంలో ఆ చోటు లెక్కలోకి రాదు. రెండవ వాదం పాత ప్రాజెక్టులకు సంబంధించినది: అవి ఆ ప్లగిన్ మీద ఆధారపడి ఉంటాయి కనుక దానిని తీసివేస్తే, రెండేళ్ల తరువాత క్లయింటు సవరణ అడిగినప్పుడు టైమ్‌లైన్ పనికిరాకుండా పోతుంది. పనిముట్లు ఎన్ని ఎక్కువ ఉంటే చేయగలిగిన పని అంత ఎక్కువ, కనుక వాటిని తగ్గించుకోవడం నైపుణ్యాన్ని తగ్గించుకోవడమే అన్నది మూడవ వాదం. జాబితా పెరిగి చికాకు కలిగితే నచ్చినవాటిని ఇష్టమైనవాటి విభాగంలో పెట్టుకుంటే చాలునని, నిజంగా ఇబ్బంది వచ్చిన రోజున చూసుకోవచ్చునని నాలుగవ వాదం. వీటిలో రెండవది గంభీరమైనది, ఒక నిజమైన భయం నుంచి పుట్టినది. దానికి వివరమైన సమాధానం కావాలి. తక్కినవి ప్లగిన్ ఎలా పనిచేస్తుందో తెలియకపోవడం వల్ల బలంగా కనిపించేవి మాత్రమే.

అటక మీది సామాను ఎవరూ కదిలించనంతవరకు కదలదు. ప్లగిన్ సంగతి అది కాదు. హోస్ట్ తెరుచుకునేటప్పుడు తనకు కేటాయించిన ఫోల్డర్లను వెదికి, అందులో ఉన్న ప్లగిన్ ఫైళ్లను ఒక్కొక్కటిగా పరిశీలిస్తుంది. ప్రీమియర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ తెరిచినప్పుడు తొలి తెర మీద వరుసగా దొర్లిపోయే పేర్లు ఆ పరిశీలనకు సంబంధించినవే. ఓపెన్‌ఎఫ్‌ఎక్స్ ప్రమాణం ప్రకారం హోస్ట్ ప్రతి ప్లగిన్ మూటను తెరిచి, అందులో ఎన్ని ఎఫెక్ట్‌లు ఉన్నాయో, అవి ఏ సందర్భాల్లో పనిచేస్తాయో, వాటికి ఏయే పారామీటర్లు, అంటే ఎడిటర్ మార్చుకోగల విలువలు, కావాలో అడిగి తెలుసుకుంటుంది. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వాలంటే ప్లగిన్‌లోని కోడ్ నడవాలి. అంటే ఏడాదిగా ఒక్క క్లిప్ మీద కూడా వేయని ఎఫెక్ట్ సైతం హోస్ట్ లోపల నడిచే సందర్భాలు ఉంటాయి. అది తప్పుగా నడిస్తే హోస్ట్ తెరుచుకోకుండానే ఆగిపోతుంది.

ఈ భారాన్ని తగ్గించడానికే హోస్ట్‌లు క్యాష్ ఉంచుకుంటాయి గదా అని ఎదుటి పక్షం అనవచ్చు. క్యాష్ అంటే ఒకసారి సేకరించిన సమాచారాన్ని రాసిపెట్టుకుని, తరువాతి సారి మళ్లీ అడగకుండా దానినే నమ్మే ఏర్పాటు. ఇది ఆలస్యాన్ని తగ్గిస్తుందన్నది నిజమే, కానీ కొత్త చిక్కును కూడా తెస్తుంది: రాసిపెట్టుకున్న సమాచారం ఒకటి, డిస్క్ మీద ఉన్న ప్లగిన్ మరొకటి అయినప్పుడు హోస్ట్ పొరబడుతుంది. ప్రీమియర్ ఒక ప్లగిన్‌ను ఎక్కించుకోలేకపోతే దానిని విస్మరించవలసినదిగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ ప్లగిన్‌ను తరువాత సరిచేసినా, షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని సాఫ్ట్‌వేర్‌ను తెరిచి క్యాష్‌ను పునరుద్ధరించేదాకా ఆ ముద్ర తొలగకపోవచ్చు. రిజాల్వ్ కూడా తనకు కనిపించిన ఓపెన్‌ఎఫ్‌ఎక్స్ ప్లగిన్ల జాబితాను ప్రత్యేకమైన ఫైలులో దాచుకుంటుంది. ప్లగిన్ల సంఖ్య పెరిగేకొద్దీ, వాటిలో ఏదో ఒకటి మారే అవకాశం పెరిగేకొద్దీ, క్యాష్ ఇచ్చే భరోసా పలచబడుతుంది.

ఆలస్యం కన్నా తీవ్రమైన విషయం మరొకటి ఉంది. చాలా హోస్ట్‌లలో ప్లగిన్ నడిచేది హోస్ట్‌కు చెందిన ప్రాసెస్ లోపలే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ హోస్ట్‌కు కేటాయించిన జ్ఞాపక స్థలంలోనే. అక్కడ ప్లగిన్‌కూ హోస్ట్‌కూ మధ్య గోడ లేదు. ప్లగిన్ తనది కాని చోట రాస్తే చెడేది హోస్ట్ సమాచారం. ప్లగిన్ కూలితే హోస్ట్ కూలుతుంది, దానితోపాటు చివరి ఆటోసేవ్ తరువాత చేసిన పని అంతా పోతుంది. ఆపిల్ సంస్థ తన ఎఫ్ఎక్స్‌ప్లగ్ ప్రమాణపు నాలుగవ రూపంలో ప్లగిన్లను ఫైనల్ కట్ ప్రో ప్రాసెస్ నుంచి వేరుచేసి విడి ప్రాసెస్‌లో నడిపే పద్ధతిని ఎంచుకున్నది. గోడ అవసరమని హోస్ట్ తయారుచేసేవారే గుర్తించారనడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు. గోడ లేని హోస్ట్‌లు వాడేవారికి మిగిలిన రక్షణ ఒక్కటే: లోపలికి ఎవరిని రానివ్వాలో తామే తేల్చుకోవడం.

ఈ మాట భద్రతకు మరింతగా వర్తిస్తుంది. జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లో ప్రకటించిన సుప్రసిద్ధ వ్యాసంలో కంప్యూటర్ రక్షణకు కొన్ని మూలసూత్రాలను ప్రతిపాదించారు. ఏ ప్రోగ్రామైనా తన పనికి అవసరమైనంత అధికారంతోనే నడవాలన్నది వాటిలో ఒకటి, రక్షణ యంత్రాంగం వీలైనంత చిన్నదిగా, సరళంగా ఉండాలన్నది మరొకటి. వాడని ప్లగిన్ ఈ రెండు సూత్రాలకూ విరుద్ధం, ఎందుకంటే నమ్మవలసిన కోడ్‌ను అది అనవసరంగా పెంచుతుంది, పని శూన్యమైనా దానికి దక్కే అధికారం హోస్ట్‌కు ఉన్నంత పెద్దది. మ్యాక్ కంప్యూటర్లలో ఒక సాఫ్ట్‌వేర్ తన తయారీదారు సంతకం గాని ఆపిల్ సంతకం గాని లేని కోడ్‌ను లోపలికి రానివ్వకుండా చూసే లైబ్రరీ వ్యాలిడేషన్ అనే తనిఖీ ఉంది. బయటివారి ప్లగిన్లను తన ప్రాసెస్‌లోనే నడపదలచిన హోస్ట్ ఆ తనిఖీ నుంచి మినహాయింపు తీసుకోవలసి వస్తుంది. ప్లగిన్లను స్వీకరించడమంటేనే తలుపు కొంత తెరిచి ఉంచడం. ఆ తలుపు గుండా లోపలికి వచ్చిన ప్రతి దానికీ పని ఉందో లేదో చూడటం చాదస్తం అనిపించుకోదు.

పనిలేని భాగాలు కాలక్రమంలో ఎలా ప్రమాదంగా మారతాయో 2016 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా ఎడిటర్లు చూశారు. విండోస్ కోసం చేసిన క్విక్‌టైమ్‌లో రెండు తీవ్రమైన భద్రతా లోపాలు ఉన్నాయని ట్రెండ్ మైక్రో సంస్థ ప్రకటించింది; వాటిని సరిదిద్దే ఉద్దేశం ఆపిల్‌కు లేదని, ఆ సాఫ్ట్‌వేర్‌కు మద్దతు ముగిసిందని తేలింది; దానిని కంప్యూటర్ల నుంచి తొలగించమని అమెరికా ప్రభుత్వపు సైబర్ భద్రతా విభాగమే సూచించింది. క్విక్‌టైమ్ ఎఫెక్ట్ ప్లగిన్ కాదు, వీడియో ఫైళ్లను చదివి రాసే భాగం. కానీ హోస్ట్ బయటి భాగం మీద ఆధారపడితే ఏమవుతుందో అది చూపింది. సాధారణ వాడుకరులు దానిని వెంటనే తీసివేయగలిగారు. ప్రోరెస్ వంటి కొన్ని ఫార్మాట్ల కోసం విండోస్ మీద దానినే నమ్ముకున్న ఎడిటర్లు తీసివేయలేక, ఉంచుకోలేక సతమతమయ్యారు. విండోస్ మీద అడోబీ సాఫ్ట్‌వేర్ల నుంచి ప్రోరెస్ ఫైళ్లు నేరుగా తయారుచేసే వీలు 2018 చివరికి గాని రాలేదు. ఈ ఉదంతం రెండు పాఠాలు నేర్పుతుంది. మద్దతు ఆగిపోయిన భాగం ఊరకే ఉండిపోదు, దాని లోపాలు బయటపడుతూనే ఉంటాయి. ఏ భాగం మీద ఏ పని ఆధారపడి ఉందో ముందే లెక్క రాసుకున్నవారికి మాత్రమే తీసివేత సులభమవుతుంది.

ఇక ప్లగిన్ల సంఖ్య గురించి. ఒక ప్లగిన్ ఒంటరిగా బాగా పనిచేయవచ్చు, దాని తయారీదారు దానిని శ్రద్ధగా పరీక్షించి ఉండవచ్చు. కానీ ఒకే హోస్ట్‌లో చేరిన మరో ముప్పై తొమ్మిది ప్లగిన్ల సరసన దానిని పరీక్షించినవారు ఉండరు. పది ప్లగిన్లు ఉన్నచోట జంటలు 45. నలభై ఉన్నచోట 780. ప్లగిన్లు నాలుగింతలైతే వాటి మధ్య ఘర్షణకు అవకాశమున్న జంటలు పదిహేడింతలకు పైగా పెరుగుతాయి. ఈ ఘర్షణ ఊహ కాదు. ఒకే లైబ్రరీకి, అంటే పలు ప్రోగ్రాములు పంచుకునే ఉమ్మడి కోడ్‌కు, రెండు వేర్వేరు రూపాలను రెండు ప్లగిన్లు ఒకే ప్రాసెస్‌లోకి తెస్తే ఏది నడుస్తుందో చెప్పడం కష్టమవుతుంది. విజువల్ ఎఫెక్ట్స్ పరిశ్రమ ఈ ఇబ్బందిని ఎంతగా అనుభవించిందంటే, ఏ ఏడాది ఏ లైబ్రరీకి ఏ రూపం వాడాలో సూచించే వీఎఫ్‌ఎక్స్ రిఫరెన్స్ ప్లాట్‌ఫామ్ అనే పట్టికను 2014 నుంచి ఏటా సిద్ధం చేసుకుంటున్నది. ఎఫెక్ట్‌లే జీవనంగా ఉన్న పెద్ద స్టూడియోలు ఒక్కో ప్రాజెక్టుకు ఏ ప్లగిన్లు, ఏ రూపాలు అవసరమో నిర్ణయించి, న్యూక్ వంటి హోస్ట్‌లకు ఆ ఫోల్డర్ల దారి మాత్రమే చూపే పద్ధతిని పాటిస్తాయి. ప్లగిన్లను అందరికన్నా ఎక్కువ వాడేవారే వాటి విషయంలో అందరికన్నా కఠినంగా ఉండటం ఎదుటి పక్షం ఆలోచించవలసిన విషయం.

పాత ప్రాజెక్టుల భయాన్ని ఇప్పుడు పరిశీలించాలి. ప్లగిన్‌ను తీసివేస్తే పాత టైమ్‌లైన్‌లో ఆ ఎఫెక్ట్ కనిపించదన్నది నిజం. కానీ ప్లగిన్‌ను ఉంచితే ఆ టైమ్‌లైన్ భద్రంగా ఉంటుందన్నది నిజం కాదు, ఈ వాదంలోని లోపమంతా అక్కడే ఉంది. 2010లో అడోబీ సీఎస్5తో ప్రీమియర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ పూర్తిగా 64 బిట్ సాఫ్ట్‌వేర్లు అయ్యాయి. అప్పటిదాకా ఉన్న 32 బిట్ ప్లగిన్లు కొత్త హోస్ట్‌లో పనికిరాకుండా పోయాయి. 2011 జూన్‌లో వచ్చిన ఫైనల్ కట్ ప్రో టెన్ అంతకుముందరి ఫైనల్ కట్ ప్రాజెక్టులనే తెరవలేకపోయింది. 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ క్యాటలీనా 32 బిట్ సాఫ్ట్‌వేర్లన్నిటికీ స్వస్తి చెప్పింది. 2020 నవంబరులో ఆపిల్ సొంత ప్రాసెసర్లతో మ్యాక్‌లు వచ్చాక, ఇంటెల్ ప్రాసెసర్ల కోసమే రాసిన ప్లగిన్‌ను ప్రాసెస్ లోపల నడపాలంటే మొత్తం హోస్ట్‌నే రోజెటా అనే అనువాద పొర మీద నడపవలసి వచ్చింది. ఒక పాత ప్లగిన్‌ను వదులుకోలేక కొత్త యంత్రపు వేగాన్నంతా వదులుకోవడం పొదుపు కాదు. పైన చెప్పిన ఏ మార్పులోనూ పాత ప్లగిన్ ఫైలును జాగ్రత్తగా ఉంచుకున్నవారికి ఆ ఉంచుకోవడం వల్ల పూర్తి రక్షణ దొరకలేదు.

పాత పనిని నిజంగా కాపాడేది ముగింపు నాటి క్రమశిక్షణ. ప్రాజెక్టు పూర్తయినప్పుడు ఎఫెక్ట్ వేసిన షాట్లను నాణ్యత తగ్గని ఫార్మాట్‌లో రెండర్ చేసి, అంటే ఎఫెక్ట్‌తో సహా కొత్త వీడియో ఫైలుగా మార్చి, ప్రాజెక్టుతోపాటు దాచాలి. పారదర్శకతను కూడా నిలుపుకోవలసిన చోట ప్రోరెస్ 4444 వంటి ఫార్మాట్ అందుకు తగినది. ప్రీమియర్‌లోని రెండర్ అండ్ రీప్లేస్, రిజాల్వ్‌లోని రెండర్ ఇన్ ప్లేస్ అనే ఏర్పాట్లు ఈ పనికి ఉపయోగపడతాయి. ఎఫెక్ట్ లేని మూల క్లిప్‌ను పక్కనే ఉంచి, వాడిన ప్లగిన్ పేరు, దాని రూపసంఖ్య, ముఖ్యమైన పారామీటర్ల విలువలు ఒక పుటలో రాసి పెడితే, పదేళ్ల తరువాత ఆ ప్లగిన్ లోకంలోనే లేకపోయినా పని నిలుస్తుంది, మరొక పనిముట్టుతో దానిని తిరిగి చేయవచ్చు. ప్లగిన్ లేని కంప్యూటర్‌లో ప్రాజెక్టును తెరిస్తే అది శాశ్వతంగా చెడిపోతుందన్న భయం కూడా అతిశయమే: ప్రీమియర్, ఫైనల్ కట్ ప్రో వంటివి దొరకని ఎఫెక్ట్‌ను దొరకలేదని చూపి, దాని వివరాలను ప్రాజెక్టులోనే నిలుపుతాయి, ప్లగిన్‌ను మళ్లీ ఎక్కిస్తే ఎఫెక్ట్ తిరిగి వస్తుంది. అందుచేత దాచుకోవలసింది ప్లగిన్ ఇన్‌స్టాలర్, దాని లైసెన్సు వివరాలు. అవి భద్రంగా ఉన్నప్పుడు రోజూ పనిచేసే యంత్రంలో ఆ ప్లగిన్ తిష్టవేయనక్కరలేదు.

ఎక్కువ పనిముట్లు ఉంటే ఎక్కువ నైపుణ్యం అన్న మూడవ వాదం కూర్పును గురించే పొరబడుతుంది. వాల్టర్ మర్చ్ అనే ప్రఖ్యాత ఎడిటర్ మంచి కట్‌కు ఆరు ప్రమాణాలను చెప్పి వాటికి ప్రాధాన్య క్రమం ఇచ్చాడు. భావోద్వేగానికి 51 శాతం, కథకు 23 శాతం, లయకు 10 శాతం బరువు కేటాయించి, తక్కిన 16 శాతాన్ని చూపు కదిలే దిశకు, తెర మీది తలానికి, దృశ్యంలోని స్థలానికి పంచాడు. ఆ అంకెలను ఖచ్చితమైన తూకంగా తీసుకోనక్కరలేదు, కానీ ఆ క్రమం చెప్పేది స్పష్టం: కట్ బలం ఏ భావాన్ని ఎప్పుడు విడిచి ఏ భావాన్ని ఎప్పుడు అందుకోవాలో ఎరగడంలో ఉంది. ఎఫెక్ట్ ఆ నిర్ణయానికి సాయపడవచ్చు, దాని స్థానంలో నిలబడలేదు. చేతికందే దూరంలో మూడు వందల ట్రాన్సిషన్లు ఉన్నప్పుడు, ఎడిటర్ రెండు షాట్ల మధ్య సంబంధాన్ని ఆలోచించవలసిన క్షణాన్ని జాబితాను వెదకడానికి వెచ్చిస్తాడు. విలియం హిక్ 1952లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన సూత్రం ఎంపికలు పెరిగితే నిర్ణయానికి పట్టే కాలం కూడా పెరుగుతుందని చెబుతుంది. అలవాటైన కొద్దిపాటి ఎంపికల మధ్య ఆ పెరుగుదల స్వల్పమే, కానీ అలవాటు లేని పేర్లతో నిండిన జాబితాలో ఒక్కొక్కటి వేసి చూడటం తప్ప దారి లేదు కనుక నష్టం ఎన్నో రెట్లు పెద్దది.

ప్లగిన్‌ను ఉంచడానికి ఒకనాడు ఉన్న కారణం కాలంతోపాటు చెల్లిపోతుందన్నది కూడా ఈ వాదం గమనించదు. కెమెరా వణుకును సరిచేయడానికి ఒకప్పుడు ప్రత్యేక ప్లగిన్ కొనవలసి వచ్చేది. వార్ప్ స్టెబిలైజర్ 2011లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి, 2012లో ప్రీమియర్‌లోకి వచ్చాక ఆ అవసరం చాలామందికి తీరిపోయింది. రంగుల సవరణకు వాడిన ప్లగిన్లలో చాలావాటి పనిని 2015లో ప్రీమియర్‌లో చేరిన లుమెట్రి ప్యానెల్ అందుకుంది. అయినా ఆ పాత ప్లగిన్లు అలాగే ఉండిపోతాయి, ఎందుకంటే వాటిని చేర్చేటప్పుడు కారణం అడిగారు, ఆ తరువాత ఎవరూ అడగలేదు.

తెలుగు నేల మీద ఈ అలవాటు వల్ల నష్టపోతున్నది ముఖ్యంగా పట్టణాల్లో పెళ్లి వీడియోల మిక్సింగ్ మీద బతికే చిన్న స్టూడియోలు. ఒకరి హార్డ్ డిస్క్ నుంచి మరొకరి హార్డ్ డిస్క్‌కు ప్లగిన్ ప్యాక్‌లు చేతులు మారడం, వాటిలో పలు ప్లగిన్లు లైసెన్సు తాళాన్ని విరిచిన క్రాక్ ప్రతులు కావడం ఆ రంగంలో ఉన్నవారందరికీ తెలిసినదే. క్రాక్ ప్రతిని ఎక్కించాలంటే యాంటీవైరస్‌ను ఆపమనీ, లైసెన్సు సర్వర్లతో సంబంధం తెంచడానికి కంప్యూటర్‌లోని హోస్ట్స్ అనే సిస్టమ్ ఫైలును మార్చమనీ సూచనలు ఉంటాయి. ఎవరు మార్చారో, ఏం చేర్చారో తెలియని కోడ్‌కు ఒక కుటుంబపు ముహూర్త దృశ్యాలన్నీ ఉన్న యంత్రాన్ని అప్పగించడం అది. ఆ దృశ్యాలను మళ్లీ తీయడం ఎవరివల్లా కాదు. ఇటువంటి ప్లగిన్లను తొలగించడం ఈ రంగంలో అన్నిటికన్నా ముందు జరగవలసిన పని. వాటి స్థానంలో హోస్ట్‌లోనే ఉన్న ఎఫెక్ట్‌లను నేర్చుకోవడానికి వెచ్చించే శ్రమ వృథా పోదు. తలంబ్రాల వేళ వధువు ముఖంలో మెరిసిన నవ్వుకు మెరుపుల ట్రాన్సిషన్ అవసరం లేదు. ఆ నవ్వు పూర్తయ్యేదాకా షాట్‌ను నిలిపి ఉంచే ఓర్పు అవసరం.

జాబితాలో దాచుకుంటే చాలునన్న నాలుగవ వాదానికి సమాధానం ఇప్పటికే పైన వచ్చింది. ఇష్టమైనవాటిని వేరు చేసుకోవడం కంటికి సుఖం. హోస్ట్ మాత్రం తక్కినవాటిని మునుపటిలాగే ఎక్కించుకుంటుంది, వాటి లోపాలు మునుపటిలాగే లోపల ఉంటాయి. ఇబ్బంది వచ్చిన రోజున చూసుకోవచ్చునన్న మాట ఇంకా బలహీనమైనది. ఏ ప్లగిన్ వల్ల హోస్ట్ కూలుతున్నదో కనిపెట్టడానికి మంచి పద్ధతి సగాన్ని పక్కనపెట్టి చూడటం, తప్పు ఉన్న సగాన్ని మళ్లీ రెండుగా విడగొట్టడం. ఆ లెక్కన 64 ప్లగిన్లలో ఒక దోషిని ఆరు విడతల్లో పట్టుకోవచ్చు. కానీ ఈ లెక్క సాగేది దోషం ప్రతిసారీ కనిపించినప్పుడు, దోషి ఒక్కటే అయినప్పుడు. అప్పుడప్పుడు మాత్రమే కూలే హోస్ట్‌లో, రెండు ప్లగిన్ల ఘర్షణ వల్ల పుట్టిన చిక్కులో, అదీ మరునాడు ఉదయం కాపీ అందించవలసిన రాత్రి, ఆ ఆరు విడతలు అరవై కావచ్చు. ముందుగా తీరికవేళ చేసే తీసివేతకు ఒక పూట చాలు.

ఆ పనిని ఎలా చేయాలో చెప్పకపోతే ఖండన సగంలోనే ఆగిపోతుంది. పని నడుస్తున్న ప్రాజెక్టు మధ్యలో ఏదీ తీయకూడదు; ఒకటి ముగిసి మరొకటి మొదలుకాని వేళను ఎంచుకోవాలి. ముందుగా ఉన్న ప్లగిన్లన్నిటినీ రాసుకుని, ఒక్కొక్కదానికి ఎదురుగా అది చివరిగా ఏ ప్రాజెక్టులో ఉపయోగపడిందో, దాని తయారీదారు ఇంకా మద్దతు ఇస్తున్నారో లేదో, అదే పని హోస్ట్‌లోని సొంత ఎఫెక్ట్ చేయగలదో లేదో నమోదు చేయాలి. పని లేదని తేలినవాటిని వెంటనే చెరిపివేయక కొంతకాలం హోస్ట్‌కు అందకుండా ఉంచడం వివేకం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఫోల్డర్ పేరుకు ముందూ వెనుకా కుండలీకరణ చిహ్నాలు చేర్చితే ఆ ఫోల్డర్‌లోని ప్లగిన్లను అది ఎక్కించుకోదు. ఓపెన్‌ఎఫ్‌ఎక్స్ ప్లగిన్ల విషయంలో విండోస్‌లో కామన్ ఫైల్స్ కింద, మ్యాక్‌లో లైబ్రరీ కింద ఉండే ఓఎఫ్‌ఎక్స్ ఫోల్డర్ నుంచి ఆ మూటను బయటికి జరిపితే సరిపోతుంది. అడోబీ సాఫ్ట్‌వేర్లు పంచుకునే మీడియాకోర్ అనే ఉమ్మడి ఫోల్డర్‌ను తాకేటప్పుడు, అక్కడి ప్లగిన్ ప్రీమియర్‌కూ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కూ మీడియా ఎన్‌కోడర్‌కూ ఒకేసారి దూరమవుతుందని గుర్తుంచుకోవాలి.

ఆ గడువులో ఏ పనీ ఆగకపోతే పూర్తి తొలగింపుకు సమయం వచ్చినట్టే. ప్లగిన్ ఫైలును మాత్రమే చెరిపివేయడం తొలగింపు అనిపించుకోదు, ఎందుకంటే లైసెన్సును తనిఖీ చేసే సేవ, కొత్త రూపాలను వెదికే అప్‌డేటర్, ప్రీసెట్‌లు, సహాయక లైబ్రరీలు వేర్వేరు చోట్ల ఉంటాయి. ఫైలు పోయినా అవి వెనుక నడుస్తూనే ఉండవచ్చు. కాబట్టి ఈ క్రమం పాటించాలి: లైసెన్సును ఆ యంత్రం నుంచి విడిపించడం, ఎందుకంటే పలు లైసెన్సులు నిర్ణీత సంఖ్యలో యంత్రాలకే చెల్లుతాయి, పక్కకు జరిపిన మూటను తిరిగి దాని చోట ఉంచి, తయారీదారు ఇచ్చిన అన్‌ఇన్‌స్టాలర్‌ను నడపడం, ఆ తరువాత మిగిలిన ఫోల్డర్లను చూసి తొలగించడం, చివరికి హోస్ట్ క్యాష్‌ను పునరుద్ధరించి, ఇటీవలి ప్రాజెక్టులు రెండింటిని తెరిచి, చిన్న భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి చూడటం. ఒకేసారి పది ప్లగిన్లను తీసి ఏమైందో తెలియక తికమకపడటం కన్నా, ఒక్కొక్క తయారీదారు ప్లగిన్లను ఒక్కొక్క విడతగా తీయడం మేలు.

ఈ వాదం ప్లగిన్లకు వ్యతిరేకం కాదు. దృశ్యం వెనుక ఉన్న ఆకుపచ్చ తెరను చెరిపే కీయర్, చీకట్లో తీసిన దృశ్యంలోని గరుకును తగ్గించే నాయిస్ రిడక్షన్, కదిలే వస్తువును వెంబడించే ట్రాకర్ వంటివి ఒక మనిషి రోజుల తరబడి చేయవలసిన పనిని గంటల్లో చేసిపెడతాయి. వాటిని తయారుచేసినవారి ప్రతిభ గౌరవించదగినది, వాటికి వెల చెల్లించడం న్యాయం. ఆ గౌరవం ఉన్నందువల్లనే వాటిని ఎంచుకుని నేర్చుకుని వాడాలి. పనికివచ్చే పది ప్లగిన్లను వాటి లోతు తెలిసి వాడే ఎడిటర్ పేర్లు మాత్రమే తెలిసిన రెండు వందల ప్లగిన్ల యజమాని కన్నా సమర్థుడు, అతని యంత్రం నమ్మదగినది, అతని పాత ప్రాజెక్టులు తెరుచుకుంటాయి.

కూర్పు అంటే ఉన్నదానిలోంచి అక్కరలేనిదాన్ని తీసివేస్తూ అవసరమైనదాన్ని నిలపడం. గంటల కొద్దీ ఫుటేజీలో ఒక్కొక్క షాట్‌ను ఎందుకు ఉంచాలని అడిగే ఎడిటర్, తాను రోజూ పనిచేసే యంత్రంలోని కోడ్‌ను మాత్రం ఎందుకు ఉందని అడగకపోవడం వృత్తిధర్మానికి తగదు. ఆ యంత్రంలో ఏముందో, ఎందుకుందో, ఎవరిదో చెప్పగలగడం ఎడిటర్ బాధ్యతలో భాగం. శిక్షణ ఇచ్చేవారు ప్లగిన్‌ను ఎక్కించడం నేర్పిన రోజునే తీసివేయడం కూడా నేర్పాలి. స్టూడియోలు ప్రతి ప్రాజెక్టు ముగింపు పనుల జాబితాలో రెండర్, బ్యాకప్ పక్కనే ప్లగిన్ల సమీక్షను చేర్చాలి. కారణం చెప్పలేని ప్లగిన్‌కు ఆ యంత్రంలో చోటు ఉండకూడదు.